గుర్రం దిగిన ముగ్గురు

తెలుగు మాట్లాడే కౌబాయ్ తెరమీదికి వచ్చింది 1971లో. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ఆ సినిమా పేరు 'మోసగాళ్ళకు మోసగాడు'. టోపీ, తుపాకి, గుర్రం, రాజస్థాన్ ఇసుకతిన్నెలు అన్నీ హాలీవుడ్ పద్ధతిలోనే అమిరాయి. పేరులోని నీతి మాత్రం అచ్చంగా మనది: మోసగాడిని మోసగించడం మోసం కిందికి రాదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1989లో, అదే కథానాయకుడు ఏలూరు నుంచి గెలిచి లోక్‌సభకు వచ్చారు. అప్పటికే ఢిల్లీకి ఆ నీతి కంఠతా వచ్చు. ప్రతి పార్టీ ఎదుటి పార్టీని మోసగాడిగా చూపించి, తన పనిని ఆ పేరుతో సమర్థించుకోవడం పార్లమెంటు భవనంలో పాతబడిన విద్య.

కౌబాయ్ పుట్టిన దేశంలో అతడికి వేరే నీతిశాస్త్రం ఉంది. తెరమీద పాడుతూ గుర్రపుస్వారీ చేసిన జీన్ ఆట్రీ 1940లలో తన బాల అభిమానుల కోసం పది నియమాలు ప్రకటించాడు. ముందుగా తుపాకి పేల్చకూడదు, తనకన్నా చిన్నవాడిమీద చేయి చేసుకోకూడదు, ఇచ్చిన మాట తప్పకూడదు, మతం పేరిట, జాతి పేరిట ద్వేషం పెంచుకోకూడదు, కష్టంలో ఉన్నవాడిని ఆదుకోవాలి. ఇలా సాగుతుంది ఆ జాబితా. 2004లో జేమ్స్ ఓవెన్ అనే ఆర్థికరంగ నిపుణుడు, కంపెనీల కుంభకోణాలతో పరువు పోగొట్టుకున్న వాల్ స్ట్రీట్‌కు బుద్ధి చెప్పడానికి కౌబాయ్ నీతిని మరో పది సూత్రాలుగా కూర్చి పుస్తకం వేశాడు. 2010లో వయోమింగ్ రాష్ట్ర శాసనసభ ఆ పదింటినీ రాష్ట్ర అధికారిక నియమావళిగా ఆమోదించింది. ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటో మాత్రం ఆ చట్టంలో లేదు. మన ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చట్టబలం లేకుండానే పుట్టి, ఇవాళ్టికీ పరువు మీదనే ఎక్కువగా నడుస్తున్నదని గుర్తుంచుకుంటే, వయోమింగ్‌ను చూసి నవ్వనక్కరలేదు.

అసలు కౌబాయ్‌లు కూలికి పశువులు తోలినవాళ్ళు. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865 నుంచి ఇరవై ఏళ్ళకు కాస్త అటూఇటూగా, టెక్సాస్ మందలను కాన్సాస్ రైలు స్టేషన్లదాకా నడిపించినవాళ్ళు. వాళ్ళలో నల్లవారు, మెక్సికన్లు చాలామంది. ముళ్ళతీగలు, రైలు మార్గాలు విస్తరించగానే ఆ వృత్తి కుంచించుకుపోయింది. నియమాలు అచ్చయింది ఆ తర్వాతే. పాటించేవాళ్ళు ఎదురుగా తిరుగుతున్నంతకాలం వాటిని రాసిపెట్టుకోవలసిన అవసరం ఎవరికీ తోచినట్టు లేదు.

ఓవెన్ పది సూత్రాలలో రెండింటిని పక్కపక్కన పెడితే ఒక చిక్కుముడి కనబడుతుంది. ఎవరి ముద్ర ఉన్న మందను తోలుతున్నావో ఆ ముద్రకు కట్టుబడి ఉండమంటుంది ఒకటి. మన భాషలో ఉప్పు తిన్న విశ్వాసం. గీత ఎక్కడ గీయాలో తెలుసుకోమంటుంది మరొకటి. యజమానే గీత దాటితే తోలేవాడు ఏం చేయాలి? 1883లో టెక్సాస్‌లో కౌబాయ్‌లు జీతాల కోసం సమ్మె కట్టారు. ముద్రకు విధేయులని పేరుపడ్డవాళ్ళు యజమానులకు ఎదురుతిరిగిన ఆ ఉదంతాన్ని తెరమీది కౌబాయ్ కథలు అంతగా తలుచుకోలేదు. భారత రాజకీయాలలో ఈ చిక్కుముడి అన్నింటికన్నా బాహాటంగా పడింది 1969 ఆగస్టులో, రాష్ట్రపతి ఎన్నికలో. ప్రధానంగా పోటీపడ్డ ముగ్గురూ అంతకుముందు పరువు కోసమో, పట్టుదల కోసమో పదవి వదిలినవాళ్ళే కావడం ఆ ఎన్నిక విశేషం. ఇందిరాగాంధీకీ సిండికేట్‌కూ మధ్య జరిగిన యుద్ధంగా దాన్ని చెప్పుకోవడం అలవాటైపోయి, ఈ సంగతి మరుగున పడింది.

మొదటివారు వరాహగిరి వెంకట గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, రైల్వే కార్మికోద్యమంలో పండిన నాయకుడు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల మీద కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించింది. కార్మికులకు ఒక తీర్పు ఇప్పించి, ఆ ప్రభుత్వమే దాన్ని కత్తిరిస్తే ఆ కుర్చీలో తనకు పనిలేదని 1954 ఆగస్టులో ఆయన లేచి వచ్చేశారు.

రెండవవారు చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, ఆరేళ్ళు ఆర్థికమంత్రి. బొంబాయి నగరాన్ని మహారాష్ట్ర నుంచి విడదీసి కేంద్రపాలితం చేయాలన్న నిర్ణయం నచ్చక 1956 జులైలో మంత్రిపదవి వదులుకున్నారు. ఊరకే వదల్లేదు. నిర్ణయం తీసుకున్న తీరునూ, ప్రధానమంత్రి పద్ధతినీ లోక్‌సభలోనే తప్పుపట్టారు.

ఆ ఏడాదికి ఇంకో కథ కూడా ఉంది. సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయినప్పుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ తీసుకోలేదు. నవంబరులో అరియలూరు దగ్గర మళ్ళీ అదే ఘోరం. శాస్త్రి మళ్ళీ ఇచ్చారు, ఈసారి నెహ్రూ ఆమోదించారు. వంతెనలు శాస్త్రి కట్టలేదు, వరదలు ఆయన తేలేదు. అరియలూరు అందరికీ గుర్తుంది కాని, మహబూబ్‌నగర్ పేరు తెలుగువాళ్ళు సైతం మరచిపోయారు.

మూడవవారు నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో ప్రైవేటు బస్సుల యజమానులు, ముఖ్యమంత్రి రాజకీయ కక్షతోనే తమ మార్గాలను ముందుగా ఎంచారని ఆరోపించారు. ఆ ఆరోపణను ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రంతో ఖండించలేదన్న సంగతి సుప్రీంకోర్టు దృష్టిని దాటిపోలేదు. తీర్పులో ప్రభుత్వానికి ప్రతికూలమైన వ్యాఖ్యలు వెలువడ్డాయి. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఆయనను కోర్టు పదవినుంచి తీసేయలేదు, శాసనసభలో బలం తగ్గలేదు, ఢిల్లీ పొమ్మనలేదు. ఈనాటి కొలమానంతో చూస్తే అది రాజీనామా వరకు వెళ్ళవలసిన వ్యవహారమే కాదు. అభియోగపత్రాలు దాఖలైనా, జైలు గది నుంచే అయినా ముఖ్యమంత్రిగా కొనసాగవచ్చునా అని చర్చలు చేసిన రాజధానిలో, కోర్టు వ్యాఖ్యకు కుర్చీ దిగడం పురాణకథలా వినిపిస్తుంది.

1967లో ఆయన మరో పని చేశారు. లోక్‌సభ స్పీకరుగా ఎన్నికకాగానే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. సభాపతి స్థానంలో కూర్చున్నవాడి ఒంటిమీద ఏ పార్టీ వాతా ఉండకూడదన్నది ఆయన వాదం. బ్రిటన్‌లో ఇది ఆనవాయితీ. ఇక్కడ లోక్‌సభలో ఆయనకు ముందు ఎవరూ చేయలేదు. ఆయనను ఆదర్శంగా పొగిడిన స్పీకర్లు ఆ తర్వాత చాలామంది ఉన్నారు. పార్టీ కార్డు వెనక్కి ఇచ్చిన విషయంలో మాత్రం వారి పొగడ్త ఆచరణ దాకా రాలేదు.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిరాగాంధీ జగ్జీవన్‌రాం పేరు తెచ్చారు, మెజారిటీ సంజీవరెడ్డిని ఎంచింది. ముద్ర చెరుపుకొన్న మనిషి మీదనే పార్టీ మళ్ళీ తన ముద్ర వేసింది. ఆయన స్పీకరు పదవికి రాజీనామా చేశారు. ప్రధానమంత్రి ఆయన నామినేషను పత్రంమీద సంతకం చేశారు. అప్పటికి తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానన్నారు. జులై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు పదవి వదిలారు. బ్యాంకు గుమస్తాల తీర్పు కోసం మంత్రిగా వెళ్ళిపోయిన మనిషి, బ్యాంకులన్నింటికన్నా పెద్దవైన పద్నాలుగింటిని సర్కారు చేతికి అప్పగించి రాష్ట్రపతి భవనం నుంచి బయటికి నడిచారు. ఇక దేశ్‌ముఖ్‌ను జనసంఘ్, స్వతంత్ర పార్టీలు నిలబెట్టాయి.

కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప, రెండవ ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి వేయించమని జనసంఘ్, స్వతంత్ర నాయకులను కలిశారు. లెక్కల పరంగా తెలివైన పనే. కాని ఆ సమావేశమే ఇందిరాగాంధీకి కావలసిన ఆయుధాన్ని చేతికిచ్చింది. పార్టీ అభ్యర్థిని మితవాదులకు తాకట్టు పెట్టారని ఆమె వర్గం ఎత్తుకుంది. పార్లమెంటరీ పార్టీ నాయకురాలిగా విప్ జారీ చేయడానికి ఆమె నిరాకరించారు. సభ్యులు ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేసుకోవచ్చునన్నారు. తాను సంతకం చేసిన అభ్యర్థిని ఓడించమని నోటితో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకుండానే అందరికీ అర్థమైంది.

ఆత్మప్రబోధం అన్న మాట ఎంత గొప్పదో, ఆ వేసవిలో అంత చవకగా చలామణీ అయింది. ఇందిరాగాంధీ పక్షాన చెప్పవలసినదీ ఉంది. తన ప్రధానమంత్రిత్వాన్ని కూల్చడానికే సిండికేట్ ఈ అభ్యర్థిని ఎంచిందన్న ఆమె అనుమానం పూర్తిగా ఊహ కాదు. రాష్ట్రపతి ఓటు రహస్య ఓటు, అక్కడ విప్‌కు చోటు లేదన్న వాదనా బలమైనదే. అయినా ఒక తేడా తప్పించుకోలేనిది. గిరి 1954లో ఆత్మప్రబోధానికి లోబడినప్పుడు తన మంత్రిపదవి పోయింది. దేశ్‌ముఖ్‌కూ, సంజీవరెడ్డికీ అంతే. 1969లో ఆత్మప్రబోధాన్ని పిలిచినవారు దాని ఖర్చును ఇతరుల పద్దులో రాశారు. ఇచ్చిన సంతకం తప్పు అనిపిస్తే దాన్ని బహిరంగంగా వెనక్కి తీసుకునే దారి ప్రధానమంత్రికి ఉండనే ఉంది. ఆ దారిలో పదవి పోయే ప్రమాదమూ ఉంది. ఆ ప్రమాదం ఉన్నందువల్లనే గదా దానికి పరువు.

ఆ ప్రచారంలో ఇంకా నీచమైన ఘట్టం సెంట్రల్ హాలులో జరిగింది. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లే కరపత్రం ఒకటి, అచ్చువేసినవాడి పేరు లేకుండా, సభ్యుల చేతులు మారింది. రాజ్యాంగసభ కూర్చున్న హాలు అది. ఆట్రీ నియమాలలో తుపాకి ముందుగా పేల్చకూడదన్న మాట ఉంది కాని, వీపులో కాల్చకూడదని విడిగా లేదు. కౌబాయ్‌కు అంతదాకా చెప్పవలసి వస్తుందని ఆయన అనుకొని ఉండరు. ఎన్నిక చెల్లదంటూ తర్వాత సుప్రీంకోర్టులో వేసిన పిటిషనులో ఆ కరపత్రం ముఖ్యాంశమైంది. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం ఇచ్చారు. పిటిషన్ వీగిపోయింది. కరపత్రం రాసిన చేయి ఎవరిదో దేశానికి తెలియలేదు.

ఓట్లు ఆగస్టు 16న పడ్డాయి, 20న లెక్కించారు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ కావలసిన కోటా రాలేదు. రెండవ ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. నిజలింగప్ప సమావేశం ఫలించి, దేశ్‌ముఖ్ ఓట్లలో చాలాభాగం సంజీవరెడ్డికి బదిలీ అయింది. అయినా చాలలేదు. మూడు నెలలు తిరగకముందే కాంగ్రెస్ ఇందిరాగాంధీని బహిష్కరించింది, పార్టీ రెండుగా చీలింది. ఏ ముద్ర అసలుది, ఏది నకిలీది అన్న తగాదా ఎన్నికల సంఘం, సుప్రీంకోర్టుల దాకా వెళ్ళింది. కాడెద్దుల గుర్తు కోసం కోర్టుకెక్కినవాళ్ళకు కౌబాయ్ ముద్ర సంగతి వేరే చెప్పాలా!

ఆత్మప్రబోధానికి ధర పలుకుతుందని అప్పటికే రాష్ట్రాలు కనిపెట్టాయి. ఢిల్లీకి దక్షిణాన, ఇప్పటి పల్వల్ జిల్లాలో ఉన్న హసన్‌పూర్ నుంచి 1967లో స్వతంత్రుడిగా గెలిచిన గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి, 'ఆయారాం గయారాం' అన్న పలుకుబడిని దేశానికి ఇచ్చిపోయారు. ఆ జబ్బుకు మందుగా 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. అంటే ముద్రకు కట్టుబడడం ఇక గౌరవం కాదు, చట్టం. రాజీనామా చేసే ధైర్యం లేకపోయినా నిజాయితీగా విభేదించే ఎంపీకి అప్పటిదాకా ఉన్న కాస్త జాగా ఆ దెబ్బతో పోయింది. టోకు వ్యాపారికి మాత్రం తలుపు తెరిచే ఉంది. మొదట మూడోవంతు చీలితే తప్పులేదన్నారు. 2003లో అది తీసేసి, మూడింట రెండువంతులు విలీనమయ్యే దారిని మాత్రం ఉంచారు. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలోకి, తెలంగాణ శాసనసభలో కాంగ్రెస్ సభ్యులు పద్దెనిమిదిమందిలో పన్నెండుమంది టీఆర్ఎస్‌లోకి వెళ్ళింది ఈ తలుపు గుండానే. ఒక్క పశువును తోలుకుపోతే దొంగతనం, మందను తోలుకుపోతే విలీనం.

చట్టం నీతి పాఠం చెప్పబోయి ఎంతగా తడబడగలదో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ చాలు. 1993 జులై 28న పీవీ నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం 251–265 తేడాతో వీగిపోయింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు తీసుకుని ఓటు వేశారన్న కేసు 1998లో సుప్రీంకోర్టుకు వచ్చింది. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగ రక్షణ ఉంది కనుక, లంచం తీసుకుని ఓటు వేసినవారిమీద కేసు నడవదని మెజారిటీ తీర్పు. లంచం తీసుకున్నాడన్న ఆరోపణ ఉండి ఓటు వేయని సభ్యుడికి మాత్రం ఆ రక్షణ లేదు. బేరం నిలబెట్టుకున్నవాడికి గొడుగు, మాట తప్పినవాడికి ఎండ! ఇచ్చిన మాట నిలుపుకోమన్న కౌబాయ్ సూత్రం ఒకటి, అమ్మకానికి పెట్టకూడనివి కొన్ని ఉంటాయన్న సూత్రం మరొకటి. మొదటిది రెండవదాన్ని ఇలా మింగేస్తుందని ఓవెన్ ఊహించి ఉండడు. నరసింహారావును కింది కోర్టు 2000లో దోషిగా తేల్చినా 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. 1998 తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది 2024 మార్చి 4న. ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ఓడిపోయిన సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరులో వ్యవసాయానికి వెళ్ళిపోయారు. ఎమర్జెన్సీ ముగిశాక 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున పోటీచేశారు. రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కు పోతే, మిగిలిన ఆ ఒక్కటి ఆయనది. మళ్ళీ స్పీకరయ్యారు. కొద్ది నెలలకే, 1969లో అందని పదవి పోటీ లేకుండానే లభించింది. జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

ఆయన ఆ పీఠం మీద మచ్చలేకుండా గడిపారని రాస్తే అది అభిమానమే అవుతుంది. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ దిగిపోయాక చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఇందిరాగాంధీ మద్దతు ఉపసంహరించగానే, ఒక్కరోజు కూడా సభకు ముఖం చూపకుండా చరణ్‌సింగ్ రాజీనామా చేశారు. జగ్జీవన్‌రాంకు ఒక అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దుచేశారు. దళిత నాయకుడొకరు ప్రధానమంత్రి అయ్యే దారి అక్కడ మూసుకుపోయింది. ఆ నిర్ణయం వెనుక బెంగళూరు బోర్డులో తనకు పోటీగా వచ్చిన పేరు మీద పాత కినుక ఉందని అప్పట్లో గుసగుసలు నడిచాయి. అలా అనడానికి ఆధారమేదీ లేదు. కాని సభలో బలపరీక్ష కోరే హక్కు జగ్జీవన్‌రాంకు ఉందని, దాన్ని కాదనడం న్యాయం కాదని చెప్పడానికి గుసగుసలతో పనిలేదు. కర్నూలు బస్సుల కేసులో ఒక వ్యాఖ్యకు కుర్చీ దిగిన మనిషి దగ్గర, ఇక్కడ అంతకన్నా ఎక్కువ ఓర్పు ఆశించడం అత్యాశ కాదు.

రద్దయిన సభ స్థానంలో కొత్త సభకు ఎన్నికలు జరిగాయి. ఇందిరాగాంధీ గెలిచారు. 1980 జనవరి 14న రాష్ట్రపతి భవనంలో ఆమె చేత ప్రధానమంత్రిగా ప్రమాణం చేయించింది సంజీవరెడ్డి. పదిన్నరేళ్ళ కిందట తన నామినేషను పత్రం మీద సంతకం చేసి తనను ఓడించిన వ్యక్తి ముందు ఆయన ప్రమాణపాఠం ఒక్కొక్క మాటా చదివారు. ఆమె తిరిగి చెప్పారు. తర్వాత ఇద్దరూ రిజిస్టరులో సంతకాలు చేశారు.